పొద్దంతా పనిచేసే మాత్ర

"మీకు ఓడెక్కితే వాంతులవుతాయా?"

ఫీనిక్స్ బే జెట్టీలో నీల్ ద్వీపం లాంచీ కోసం వరసలో నిలబడ్డ ప్రతి మనిషినీ ఆ అమ్మాయి ఇదే అడుగుతోంది. చేతిలో గొడుగు, భుజాన సంచి, ముఖంలో ఏమాత్రం మొహమాటం లేని నవ్వు.

ఒక ముసలాయన "నాకెందుకవుతాయి?" అని ఛాతీ విరుచుకున్నాడు. ఒక బెంగాలీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ చంకలోని పాప మాత్రం జవాబు మాటల్లో చెప్పలేదు. అక్కడే, ఆవిడ భుజం మీదే చేసి చూపించింది.

టిక్కెట్ల కిటికీలోంచి ఒక తల బయటకు వచ్చింది. అది లక్ష్ముడిది.

"ఓ మేడమ్! ఏటది? లాంచీ ఇంకా కదలనే లేదు, మీరు గట్టుమీదే మొదలెట్టించేత్తన్నారు!"

"నేనేం చేశాను? అడిగానంతే."

"ఆ మాట అడిగితే చాలు, పొద్దున్న తిన్నదంతా గుర్తొచ్చేత్తాది. తుడిచేది ఎవరు, మీరా?"

ఆ అమ్మాయి కిటికీ దగ్గరకు వచ్చి అతని ముఖంలోకి ఆశగా చూసింది. "పోనీ, మీకు అవుతాయా?"

"నాకా!" లక్ష్ముడి గొంతు కొంచెం ఎక్కువగానే లేచింది. "జాలరోణ్ణండీ నేను. మా తాత శ్రీకాకుళం సముద్రం మీద పుట్టి ఈ సముద్రం మీదికొచ్చినోడు!"

"అయితే మీరు పనికిరారు," అని ఆమె నిరాశగా పక్కకు వెళ్లిపోయింది.

పనికిరావని లక్ష్ముడితో చాలామంది అన్నారు గాని, అంత బాధగా ఎవరూ అనలేదు. టిక్కెట్లు చింపుతూ అతను మళ్లీ అరిచాడు.

"మేడమ్! కంప్లైంట్ రాసుకోవాలి. మీ పేరేటి?"

"అమ్మడు."

"అది ఇంట్లో పేరు కదా. ఆఫీసు పేరు?"

"ఆఫీసులోనూ అదే. రాసుకోండి."

అతను రాసుకోలేదు. కాని ఆ రోజు లాంచీ వెళ్లిపోయాక కూడా ఆ పేరు నోట్లోనే మెదులుతూ ఉంది.

అమ్మడు జంగ్లీఘాట్‌లో ఇంజను బోటు ఉన్న నూకన్న కూతురు. విశాఖపట్నం వెళ్లి ఫార్మసీ చదివి, తాను పుట్టి పెరిగిన ఈ ద్వీపాలకు తిరిగి వచ్చింది. మిడిల్ పాయింట్‌లో, వానకు తడిసి నల్లబడిన ఒక చెక్క ఇంట్లో మూలికల మీద పరిశోధన చేసే చిన్న యూనిట్ ఉండేది. అందులో చేత్తో తిప్పే మాత్రల మెషీన్ ఒకటి, పెద్ద సారు ఆనందబాబుగారు ఒకరు, అమ్మడు ఒకతె. ఆనందబాబుగారు తెలుగు చర్చిలో పాటలు పాడించే మనిషి. మెషీన్ తిప్పే ముందు కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆ మెషీన్ పరిస్థితికి అది అవసరమే.

అల్లం కడుపులో తిప్పడాన్ని ఆపుతుందని ఇంటింటా తెలిసినదే. కాని దాని బలం కాసేపే ఉంటుంది, సముద్రం మాత్రం రోజంతా ఊపుతుంది. అందుకని అమ్మడు అల్లం సారాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుపొడితో కలిపి, గట్టిగా నొక్కి మాత్ర చేసింది. కడుపులో పడ్డాక మాత్ర పైపొర తడిసి, ఉబ్బి, జెల్లీలా అవుతుంది. ఆ జెల్లీలోంచి మందు కొంచెం కొంచెంగా ఊరుతుంది. ఉదయం వేసుకుంటే పొద్దు వాలేదాకా ఉండాలి. అదీ లెక్క.

లెక్క బాగానే ఉంది. వేసుకుని చూసే మనిషే దొరకలేదు.

దొరకలేదంటే, జంగ్లీఘాట్ కుర్రాళ్లందరూ ముందుకు వచ్చారు. అమ్మడి చేతి మాత్ర అంటే విషమైనా మింగేలా ఉన్నారు. "ఎలా ఉంది భయ్యా?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "ఏక్‌దమ్ బ్రహ్మాండం దీదీ!"

"అమ్మా," అన్నారు ఆనందబాబుగారు నీరసంగా, "వీళ్లు మాత్ర వేసుకోకపోయినా బ్రహ్మాండమే అంటారు. జాలరి కుర్రాడు నాకు సముద్రం పడదని నీ ముందు ఒప్పుకుంటాడా? మనకు నిజంగా వాంతి చేసుకునేవాడు కావాలి. ఆ సంగతి నిజంగా చెప్పేవాడు కావాలి. వానలు తగ్గేలోగా అలాంటివాడు దొరక్కపోతే మెషీన్‌నీ నిన్నూ కలిపి మద్రాసు పంపించేస్తామని పైవాళ్లు రాశారు."

దేవుడు కొందరికి లోపాలు ఎందుకిస్తాడో వెంటనే తెలియదు. లక్ష్ముడికి సముద్రం పడదు.

తల్లీ తండ్రీ లేని అతణ్ణి పెంచిన మామ్మ ఎరుకమ్మకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. కుర్రవాడు బుద్ధిమంతుడై ఆఫీసు పనిలో చేరాడని ఊరంతా అనుకుంది. నిజానికి జెట్టీలో టిక్కెట్లు అమ్మే పని అయితే లాంచీ ఎక్కనక్కర్లేదని చేరాడు. రోజూ ఎంతోమందిని సముద్రం మీదికి పంపేవాడు. తాను గట్టు దిగేవాడు కాదు.

ఆ వారం లాంచీ నడిపే సరంగు టిక్కెట్ల కట్ట మరిచిపోయి, "లక్ష్ముడు భయ్యా, జల్దీ!" అని కేక పెట్టాడు. కట్ట ఇచ్చి పంపడానికి ఇంకెవరూ లేరు. లక్ష్ముడు ఊపిరి బిగబట్టి లాంచీలో కాలు పెట్టాడు. లాంచీ మోకులతో కట్టే ఉంది. కాని అదే సమయానికి పెద్ద ఓడ ఒకటి పక్కనుంచి వెళ్లింది. నీళ్లు ఒక్కసారి లేచి పడ్డాయి.

లక్ష్ముడు కట్ట సరంగు చేతిలో పడేసి రెయిలింగ్ దగ్గరకు పరుగెత్తాడు.

తల ఎత్తేసరికి పక్కన గొడుగు కనిపించింది. గొడుగు కింద అమ్మడు. ఆమె ముఖం పండగ చేసుకుంటున్నట్టుంది.

"అయిందా?" అంది.

"మేడమ్, మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండి."

"ఎంత బాగా అయిందండీ! అదీ తాడు కట్టిన లాంచీలో!"

"మెచ్చుకోకండి బాబూ!"

"చెప్పను. కాని మీరు నా మాత్ర వేసుకోవాలి. వేసుకుని ఎలా ఉంటే అలా చెప్పాలి. అబద్ధం ఆడకూడదు."

లక్ష్ముడు మూతి తుడుచుకుంటూ ఆమెను చూశాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆమె గొడుగు సగం అతని మీదికి జరిపింది. ఆ పరిస్థితిలో ఆమె ఏమి అడిగినా ఒప్పుకునేవాడే.

సెలవు రోజుల్లో ఇద్దరూ నీల్ లాంచీ ఎక్కడం మొదలైంది. అతను రెయిలింగ్ పక్కన, ఆమె కొంచెం దూరంలో, మధ్యలో గొడుగు. కాసేపటికోసారి ఆమె అడిగేది.

"ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది."

"కడుపులో?"

"కడుపులో కూడా."

ఒకరి కడుపు గురించి ఇంకొకరు ఇంత శ్రద్ధగా అడగడం పెళ్లికి ముందు సాధారణంగా జరగదు. లక్ష్ముణ్ణి సముద్రం కన్నా ఆ ప్రశ్నలే ఎక్కువ తిప్పాయి.

కాని ఆ బాగు ఎక్కువసేపు నిలవలేదు. మాత్ర పనిచేయలేదు. మొదట కడుపులో నిప్పు పెట్టినట్టు ఉండేది. ఆ మంటకి వికారం పారిపోయేది. నీల్ ఇంకా కనిపించకముందే మంట ఆరిపోయేది, వికారం తిరిగి వచ్చేది. ఎన్నిసార్లు ఎక్కినా అంతే.

"పొద్దంతా ఉండాలి కదా!" అంది అమ్మడు చివరికి, ఏడుపు గొంతుతో. "నిజంగా అంతే ఉందా?"

"అంతేనండి."

"ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయింది? అందరూ బ్రహ్మాండం అన్నారు!"

"మీరే కదండీ వద్దన్నారు."

ఆమె గొడుగు ముడిచేసి వెళ్లిపోయింది. వానలో తడుస్తూనే వెళ్లింది. మెషీన్‌తో పాటు ఈ పిల్లా మద్రాసు ఓడెక్కుతుంది కదా అని లక్ష్ముడు అక్కడే కూలబడ్డాడు.

మనవడు అన్నం సగంలో లేచిపోవడం ఎరుకమ్మ కనిపెట్టింది. కడుపు సంగతి అడిగితే, మనసు సంగతి బయటపడింది. ముసలావిడ మర్నాడే గోల్ ఘర్ బజారులో అరటిపళ్లు, తమలపాకులు కొనుక్కుని నూకన్న ఇంటికి వెళ్లింది.

నూకన్న మీసం దువ్వుకున్నాడు. "ఆఫీసు కుర్రోడు. మంచోడే. నానేటి కాదన్ను. కానప్పా, నా ఇంటికొచ్చే అల్లుడు పొద్దు పొడిసిన కాణ్ణుంచి వాలేదాకా నా బోటు మీదుండాల. సముద్రం ఎవడేటో సెప్పేత్తాది. వచ్చే లచ్చివారం రమ్మను."

"ఓస్, అదెంత!" అని చెప్పి ఎరుకమ్మ ఇంటికి వచ్చింది. వచ్చాక గంగమ్మ పటం ముందు చతికిలబడి, "తల్లీ, నోరు జారినాను" అంది.

మాట విన్న అమ్మడు సాయంత్రానికల్లా లక్ష్ముడి వాకిట్లో ఉంది.

"మా నాన్నతో బోటెక్కుతారట! ఏం చూసుకుని?"

"మీ మాత్ర చూసుకుని."

"అది పనిచేయదని చెప్పింది మీరే కదా!"

"మీరు చేసిందంటే ఏదో ఒకరోజు చేస్తాదని..."

అమ్మడు చెవి రిక్కించింది. వంటింట్లోంచి గరగరమని చప్పుడు వస్తోంది. తొంగి చూసింది. ఎరుకమ్మ గంధపు సాన ముందు కూర్చుని, తేనె చుక్క వేసి, దేన్నో కసిగా అరగదీస్తోంది.

"ఏంటి మామ్మా అది?"

"నీ మందే గుంటా! లచ్చివారానికి ఇప్పట్నుంచే అరగదీత్తన్నాను. ఎంతకీ లొంగదు. రాయిలాగుంది. తేనెలో అరిగాక సూడు, అలవాలాగ సాగుతాది. ఎవలు సేసినారో గానీ మహా మొండిది."

అమ్మడు గడప దాటి లోపలికి వచ్చేసింది. "మామ్మా, అది అలా మొండిగా ఉండడానికే నేను అంత కష్టపడ్డాను!"

"అరగదీకపోతే ఒంటికెలా పడతాది? మా ఇంట్లో జ్వరం బిళ్లయినా సానెక్కకుండా నోట్లోకెల్లదు. మీ కాలేజీలో సెప్పనేదేటి?"

"కడుపే అరగదీసుకుంటుంది మామ్మా. నెమ్మదిగా, పొద్దంతా."

"పాపం, కడుపుకంత పనెందుకమ్మా?"

అమ్మడు లక్ష్ముడి వైపు తిరిగింది. అతను తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"నీళ్లతో వేసుకోమన్నారు. తేనె నాకేశాక నీళ్లు తాగాను కదండీ!"

పొద్దంతా ఊరవలసిన మందు ఒక్కసారే లోపలికి పోతే మంట రాక ఏమవుతుంది? కాసేపట్లో ఆరిపోక ఏమవుతుంది? అమ్మడు ఆ వీధిలో నాలుగు గడపలు ఎక్కి దిగింది. బ్రహ్మాండం అన్నవాళ్ల ఇళ్లన్నింటిలోనూ ఒక సాన, దాని వెనక ఒక మామ్మ. తప్పు ఎవరిదని చెప్పగలం? ఆమె ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది, ఏమి తినకూడదో చెప్పింది. నమలకుండా, నూరకుండా మింగమని చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని ఆమెకు తోచలేదు. అడగవలసిన సంగతని వాళ్లకూ తోచలేదు.

అమ్మడు నవ్వుకుంటూ తిరిగి వచ్చింది. "అయితే నా మాత్రను ఇంతవరకు ఎవరూ వేసుకోనే లేదు! లక్ష్మివారం మీరు దీన్ని ఇలాగే మింగేయండి."

లక్ష్ముడు తల దించుకున్నాడు. "నాకు మాత్ర మింగడం రాదు."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతను మాత్ర మింగి ఎరగడు. పాఠాలు మొదలయ్యాయి. నీళ్లతో ఇస్తే నీళ్లు పోయాయి, మాత్ర మిగిలింది. అరటిపండులో పెట్టి ఇస్తే పండు పోయింది, మాత్ర మిగిలింది. ఎరుకమ్మ ఉడికించిన కర్రపెండలంలో దూర్చింది. దుంప పోయింది, మాత్ర మళ్లీ నాలుక మీద ప్రత్యక్షమైంది.

"మా గుంటడి గొంతులో కాపలా ఉంది," అంది ఎరుకమ్మ.

బుధవారం సాయంత్రానికి అమ్మడికి ఓపిక అయిపోయింది. లక్ష్ముడు మందు లేని ఉత్త మాత్రను నోట్లో పెట్టుకుని, బుగ్గలనిండా నీళ్లతో కళ్లు తేలేసి కూర్చున్నాడు.

"చూడండి," అంది ఆమె, పక్కకు చూస్తూ. "మా నాన్న రేపు సరే అంటే... నాకేం అభ్యంతరం లేదు."

గుటుక్కుమంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లక్ష్ముడు నోరు తెరిచి వేలుపెట్టి వెతుక్కున్నాడు. లేదు.

"పోయింది!" అన్నాడు. "మళ్లీ చెప్పండి, ఇంకోటి మింగుతాను!"

ఆమె అప్పటికే గొడుగు తీసుకుని వీధిలోకి పరుగెత్తింది.

లక్ష్మివారం ఉదయం నూకన్న బోటు ముందు కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టుకున్నాడు. లక్ష్ముడు వేరే దణ్ణం పెట్టుకున్నాడు. మాత్ర మింగేటప్పుడు ముందురోజు విన్న మాట తలుచుకున్నాడు. వెంటనే దిగిపోయింది.

చిడియాటాపు దాటాక సముద్రం నిజంగానే లేచింది. నూకన్న ఒకచోట ఇంజను ఆపేసి బోటును అలలకు అడ్డంగా వదిలేశాడు. బోటు ఉయ్యాల ఊగినట్టు ఊగింది.

"ఎలాగుందిరా?"

"బాగుంది మావా."

"ఈ చేపల పులుసూ అన్నం తిను."

తిన్నాడు. నూకన్న కనుబొమలు లేచాయి. వల లాగమన్నాడు. అరచేతులు బొబ్బలెక్కినా లక్ష్ముడు లాగాడు. కడుపు మాత్రం ఎవరిదో మంచివాళ్ల కడుపులా నిమ్మళంగా ఉంది. లోపల అల్లం చిన్నగా, వెచ్చగా ఊరుతోంది. పుట్టాక మొదటిసారి అతను సముద్రాన్ని తల ఎత్తి చూశాడు. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక చేపల గుంపు ఒకటి తగిలింది. నూకన్న వదిలితేనా? తిరిగి వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. జంగ్లీఘాట్ గట్టు కనిపిస్తోంది. గట్టుమీద గొడుగు, పక్కన ఆనందబాబుగారు, ఎరుకమ్మ, నూకన్న భార్య కాళమ్మ, ఇంకా వీధిలో పనిలేని వాళ్లందరూ.

నూకన్న లక్ష్ముడి వీపు మీద చరిచాడు. "పక్కా జాలరోడివిరా! పాసైపోనావు. ఏటి, ఇంకేటి సూత్తావు? ముహూర్తం పెట్టించేద్దాం!"

సరిగ్గా అప్పుడే లక్ష్ముడి కడుపులో ఏదో మేలుకుంది. నాలుక కింద నీళ్లూరాయి. మాత్ర అయిపోయింది.

గట్టు ఎంతో దూరం లేదు. పళ్లు బిగబట్టుకుంటే చాలు. దిగి ఏ పడవ చాటుకో పోతే ఎవరికీ తెలియదు. అల్లుడైపోతాడు. కాని మాత్ర ఎంతసేపు ఆగిందో అమ్మడికి ఎలా తెలుస్తుంది? ఆమెకు ఇంకో బ్రహ్మాండం దొరుకుతుంది. అంతే.

లక్ష్ముడు అందరికీ కనిపించేటట్టు బోటు అంచున నిలబడ్డాడు.

"అమ్మడూ!" అని గట్టిగా అరిచాడు. "ఇదిగో, ఇప్పుడే! టైము సూసుకో!"

తరవాత వంగి, నూకన్న పెట్టిన పులుసన్నం మొత్తం గంగమ్మకు అప్పగించాడు.

అమ్మడు వాచీ చూసుకుని, గొడుగు గాలిలోకి విసిరి గెంతింది.

"వాంతయింది! సార్, వాంతయింది! పొద్దంతా ఆగి ఇప్పుడయింది!"

"దేవునికి స్తోత్రం!" అన్నారు ఆనందబాబుగారు, కళ్లు తుడుచుకుంటూ.

ఎరుకమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మో! వాంతైతే సంబరపడేది పెళ్లయ్యాక కదే! అదీ ఆడపిల్లకి!"

గట్టుమీద నవ్వులు పెళ్లున లేచాయి. నూకన్న ఒక్కడే నవ్వలేదు. బోటు కట్టి, దిగి, లక్ష్ముడి ముందు నిలబడ్డాడు.

"నీకు సముద్రం పడదా?"

"పడదు మావా. ఎప్పుడూ పడనేదు. ఇవాళ నిలబెట్టింది మీ అమ్మాయి మాత్ర. నాదేం లేదు."

"ఇంకో రెండు బారలు నోరు మూసుకుంటే పిల్లనిచ్చేత్తును కదరా!"

"ఇచ్చేవోడివే. కాని ఆమెకి అబద్ధం చెప్పినట్టవుతాది."

నూకన్న మీసం పట్టుకున్నాడు. లక్ష్ముడి బొబ్బలెక్కిన చేతులు చూశాడు. తరవాత కూతుర్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ మాత్ర... పెద్ద ఓడలో కూడా పనిసేత్తాదా? సింహాచలం మొక్కు ఒకటుండిపోయింది. బోటుమీద నాకేటీ అవదు గానీ, పెద్ద ఓడలో, కింద డెక్కులో... నాకూ అవుతాదమ్మా. మీ అమ్మకి తెలీదు."

"తెలుసు," అంది వెనకనుంచి కాళమ్మ. "పెళ్లయిన కాణ్ణుంచీ తెలుసు."

నూకన్నకు ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గట్టిగా నవ్వేశాడు. "అయితే ఇంకేటి! పడదని తెలిసీ ఎక్కినాడు, పడదని నలుగురి ముందూ సెప్పినాడు. నానింతవరకూ ఆ రెండోది సెయ్యనేదు. ఎరుకమ్మప్పా, పిల్లని మీకిచ్చేసినాను. ఠీక్ హై?"

ఎరుకమ్మ తన జవాబు గంగమ్మకు చెప్పుకుంది, చేతులు రెండూ సముద్రం వైపు ఎత్తి.

అందరూ చేపల బుట్టల వైపు కదిలారు. లక్ష్ముడు గట్టుమీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు. అమ్మడు పక్కన వచ్చి కూర్చుంది. ముఖం వీలైనంత ఆఫీసుగా పెట్టుకుంది.

"ఇప్పుడెలా ఉంది? నిజం చెప్పాలి."

"కడుపు తేలిగ్గుంది."

"ఇంకేమైనా బాధలు?"

"ఒకటుంది. గట్టుమీద కూర్చున్నా ఊగుతున్నట్టే ఉంది. బోటెక్కక ముందు కూడా ఉండేది. నువ్వు జెట్టీకి వచ్చిన రోజునుంచి ఉంది."

అమ్మడు సముద్రం కేసి తిరిగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అది రిపోర్టులో రాయను," అంది. "నాకూ ఉంది."